మైలాంబ కథ ఎవరు రాస్తారు?

చలి ముదిరిన రాత్రుల్లో కుంపటి దగ్గరకు జరిగి కూర్చుంటే నా చెయ్యి పాత నవలల వైపే పోతుంది. ఈసారి అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ మళ్లీ తీశాను. మీలో చాలామంది చదివే ఉంటారు. చదవనివాళ్లు కూడా 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో గన్నారెడ్డిని చూసే ఉంటారు. బాపిరాజు చేతిలో ఓరుగల్లు కళకళలాడుతుంది, కాదనను. కానీ అట్ట మీద పేరు చూశారా? సింహాసనం మీద కూర్చున్నది రుద్రమ, పుస్తకం మాత్రం గన్నారెడ్డిది. నోరి నరసింహశాస్త్రి గారు నయం, తన నవలకు ‘రుద్రమదేవి’ అని ఆమె పేరే పెట్టారు.

రాణుల కథ ఏది చదివినా నేను వెతికేది ఒక్కటే. ఈమె మాట ఎంతదాకా చెల్లింది? ఎక్కడికొచ్చి ఆగింది?

రుద్రమనే తీసుకోండి. తండ్రి గణపతిదేవుడికి కొడుకుల్లేరు. 1262 ప్రాంతంలో రాజ్యం కూతురి చేతికొచ్చింది. అంతకు ముందే, 1261 నాటి మల్కాపురం శాసనంలో తండ్రితో పాటు ఆమె పేరూ ఉంది. ఆ దానంలో బడి ఉంది, ఆరోగ్యశాల ఉంది, ప్రసూతిశాల కూడా ఉంది. ఆ చివరి మాట దగ్గర నేను ప్రతిసారీ కాసేపు ఆగిపోతాను. ఇంత చేసిన మనిషిని శాసనాలు చాలాచోట్ల ‘రుద్రదేవ మహారాజు’ అన్నాయి. మహారాణి కాదు, మహారాజు! ఏలాలంటే పేరులోంచి ఆడతనాన్ని తీసేయాల్సి వచ్చింది. అదే శతాబ్దంలో ఢిల్లీలో రజియా 1236లో గద్దెనెక్కి నాలుగేళ్లకే ప్రాణం పోగొట్టుకుంది. రుద్రమ పాతికేళ్లకు పైగా నిలిచింది. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం దొరికేదాకా ఆమె ఎప్పుడు పోయిందో కూడా మనకు తెలియలేదు. ఆమె పుణ్యం కోసం భూమి దానమిచ్చి ఆ రాయి వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే సేవకుడు.

నన్ను ఎక్కువగా కలచివేసే సంగతి ఇంకొకటుంది. రుద్రమకు కూతుళ్లున్నారు. అయినా ఆమె తర్వాత గద్దెనెక్కింది కూతురు ముమ్మడమ్మ కాదు, ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. తండ్రి కూతురికిచ్చిన రాజ్యం, తల్లి నుంచి కూతురికి రాలేదు. ఆ రోజు ముమ్మడమ్మ ఏమనుకుని ఉంటుంది? శాసనం ఆ మాట చెప్పదు. నవల చెప్పాల్సింది సరిగ్గా అదే. కత్తియుద్ధాలు, మారువేషాలు ఎన్నో చదివాం. ఆ తల్లీకూతుళ్లు ఒక్క రాత్రి కూర్చుని మాట్లాడుకున్న అధ్యాయం చదవాలని నాకు ఎంత ఆశో!

సరే, ఇంటి దగ్గరి సంగతికొద్దాం. మానుకోట నుంచి బయ్యారం ఎంతో దూరం లేదు. బయ్యారమంటే ఇప్పుడందరికీ ఇనుప రాయే గుర్తొస్తుంది. నాకు గుర్తొచ్చేది చెరువు. దాన్ని తవ్వించింది గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. నతవాడి వారింటికి కోడలుగా వెళ్లిన ఆడపడుచు ఆమె. చెరువుకు ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి శాసనం వేయించింది. ఆ రాతి మీద మెట్టినింటి గొప్పలతో సరిపెట్టలేదు. పుట్టింటి వంశాన్ని దుర్జయ కులపు వెన్నడి నుంచి వరసగా చెక్కించింది. కాకతిలో ఉండి ఏలాడు గనక అతని సంతతికి కాకతీశులన్న పేరొచ్చిందని కూడా రాయించింది. ఇవాళ చరిత్రకారులు కాకతీయుల మొదటి తరాల లెక్క చెప్పడానికి ఆ చెరువు శాసనమే పెద్ద ఆధారం. పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్ల పుట్టింటి చరిత్రను కాపాడిందండీ! సింహాసనం లేదు, సైన్యం లేదు. నీళ్ల మీదా రాయి మీదా మాత్రం ఆమె మాట చెల్లింది. ఎనిమిది వందల ఏళ్లయినా ఆ చెరువు పొలాలు తడుపుతూనే ఉంది.

ఇటు భూపాలపల్లి వైపు ఘనపురం వెళ్తే ఊరి పేరులోనే గణపతిదేవుడున్నాడు, కోటగుళ్లలో గణపేశ్వరుడై కూడా ఉన్నాడు. బయ్యారం చెరువు పేరులో మైలాంబ లేదు.

ఆడవాళ్ల అధికారమంతా చల్లనిదేనని మాత్రం నేననను. జనగామ వైపు ముసలివాళ్లను అడగండి. నిజాం కాలంలో విస్నూరు దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ కడవెండిలో ఉండి జనాన్ని ఎంత పీడించిందో చెబుతారు. కొడుకు పేరు మీద చలాయించిన పెత్తనం అది. రాసేవాళ్లకు ఆమె కూడా కావాలి, దాచకూడదు.

కానీ ముందు మైలాంబ. మీ ఇంట్లో రాసే చెయ్యి ఎవరిదైనా ఉంటే ఒక్కసారి బయ్యారం కట్ట ఎక్కించండి. నవల అక్కడి నుంచి మొదలుపెట్టమనండి. మొదటి ప్రతి కొనేది నేనే.