జీపుకు ఏసీ బిగించిన కథ: కంప్రెసర్ వైరు యాడికి పోవాల

మా జీపులో ఏసీ చూసి ఊర్లో చాలామంది అడుగుతాండారు. ఎట్ల పెట్టించినావు, మా బండికీ పెట్టొచ్చా అని. ఒక్కొక్కరికి చెప్పేదానికంటే ఈడ రాస్తే నయం అనుకుంటి. పొడుగైతాది, ఓపిగ్గా చదవండి. మొదటిసారి నేను చేసిన తప్పు కూడా దాచకుండా రాస్తాను.

మాయమ్మకు డెబ్బై ఆరేండ్లు. పోయిన సంవత్సరం నుంచి కిడ్నీలు పని చెయ్యక వారానికి రెండుసార్లు బళ్ళారికి డయాలసిస్ కు తీసుకపోతాండాను. రాయదుర్గం నుంచి బళ్ళారి యాభై కిలోమీటర్ల చిల్లర. పొద్దున పోయేటప్పుడు ఇబ్బంది లేదు. మధ్యాహ్నం వచ్చేటప్పుడే కష్టం. డయాలసిస్ అయినాక బీపీ పడిపోతాది, ఒళ్ళు తూలుతాది, నీళ్ళు కూడా లెక్క ప్రకారమే తాగాల. ఏప్రిల్లో ఒంటిగంటకు మన ఎండ ఎట్లుంటాదో మీకు నేను చెప్పాల్నా? ఒకరోజు ఓబుళాపురం దాటినాక ఆమె తల నా భుజం మీద వాలిపోయింది. పిలిస్తే పలకలేదు. బండి ఆపి తడిగుడ్డ పెడితే కండ్లు తెరిచింది. ఆ రోజే అనుకుంటి, ఏసీ పెట్టించాల్సిందే అని. కారు కొనే స్థోమత లేదు. ఉన్నది జీపే.

ఈ జీపు సంగతి కొంచెం చెప్పాల. మన దేశంలో జీపు మొదలైందే ముక్కలుగా. 1947లో అమెరికా విల్లీస్ కంపెనీ భాగాలు ఓడలో వస్తే మహీంద్రా వాళ్ళు ఈడ బిగించి అమ్మినారు. హర్యానాలో మండీ డబ్వాలి అని ఒక ఊరుంది, మిలిటరీ వేలంలో కొన్న పాత జీపులు విప్పి మళ్ళీ కట్టేదానికి పేరు పడింది. మాది కూడా అట్లాంటి కట్టుడు బండే. బాడీ పాతది, పైన ఇనుప టాపు, ఇంజన్ మాత్రం బొలెరోది. కామన్ రైల్ ఇంజన్, దానికొక కంప్యూటర్ పెట్టె, ఈసీయూ అంటారు. నేను కొనేటప్పటికే ఆ ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కి ఉండాది కాబట్టే కొంటి. మీరెవరైనా ఇట్లాంటిది కొంటే ముందు ఆర్సీ చూడండి. చట్టంలో 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ చేసిన తీరు ఇష్టమొచ్చినట్ల మార్చేది కుదరదని గట్టిగా చెప్పింది.

సరే, వేరుశనక్కాయలు అమ్మిన దుడ్డులో కొంత తీసి ఒక షాపులో ఏసీ బిగించమంటి. పాత కంప్రెసర్, కొత్త కండెన్సర్, డ్యాష్‌బోర్డు కింద బ్లోయరు పెట్టె. సాయంత్రానికి చల్లగాలి వచ్చింది. మాయమ్మ చేయి పెట్టి చూసి "ఐసుపెట్టె లోపల కూర్చున్నట్టుంది కదరా" అనింది. నాకు సంతోషం పట్టలేదు.

మూడో ట్రిప్పులో హీరేహాళ్ దగ్గర కాలిన వాసన. డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. ఇంజన్ ఆపి, దిగి, పానాతో బ్యాటరీ టెర్మినల్ పీకేసరికి నా చేతులు వణుకుతాండాయి. మాయమ్మను ఎత్తుకొని వేపచెట్టు కింద కూర్చోబెడితి. అప్పుడే డయాలసిస్ అయిన మనిషి. "బండి పోతే పోనీలే నాయనా, నువ్వు దగ్గరికి పోవద్దు" అంటాండాది ఆమె. గంటన్నర తర్వాత తెలిసినాయన ఆటో దొరికింది.

మరుసటి రోజు బళ్ళారిలో లారీల వైరింగ్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి బండి తోలించుకొని పోతి. కింద పడుకొని చూసి, కన్నడం తెలుగు కలిపి ఒకటే అడిగినాడు. "ఏనప్పా, నీ బోరు మోటరుకు స్టార్టరు లేకుండా ఇంట్లో లైటు స్విచ్చి పెడతావా?"

అదీ సంగతి. షాపులో బ్యాటరీ నుంచి సన్న వైరు తెచ్చి, స్విచ్చిలో దూర్చి, నేరుగా కంప్రెసర్ క్లచ్చికి, బ్లోయరుకు, ఫ్యానుకు ఇచ్చినారు. మధ్యలో ఫ్యూజు లేదు, రిలే లేదు. క్లచ్చి కాయిల్ ఒక్కటే నాలుగు ఆంపియర్ల దాకా లాగుతాది. బ్లోయరు, కండెన్సర్ ఫ్యాను కలిస్తే ముప్పై దగ్గరికి పోతాది. అంతా ఆ చిన్న స్విచ్చి గుండా పోతే కాలకేం చేస్తాది?

ఆయన చెప్పిందంతా మన బోరు ప్యానల్ తో పోల్చుకుంటే నాకు సులువుగా ఎక్కింది. రిలే అంటే స్టార్టర్లో కాంటాక్టర్ మాదిరి. డ్యాష్‌బోర్డు స్విచ్చి రిలేను లేపేదానికే, దానికి ఆంపియర్లో ఐదో వంతు కూడా పట్టదు. బరువు కరెంటంతా బ్యాటరీ పక్కనే ఫ్యూజు దాటి, లావు వైరులో రిలే ద్వారా పోవాల. రిలే మీద నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ కరెంటు, 87 నుంచి క్లచ్చికి, 85, 86 కాయిల్ కు. బ్లోయరుకు ఒకటి, ఫ్యానుకు ఒకటి, కంప్రెసర్ కు ఒకటి, మూడు రిలేలు వేసినాడు. ఎర్తు వైరు బిగించేచోట పెయింటు గీకి ఇనుము తేల్చినాడు. షాపులో రంగు మీదనే బోల్టు వేసింటిరి.

తర్వాత ప్రెజర్ స్విచ్చి. మన బోరులో నీళ్ళు లేకపోతే డ్రై రన్ కట్ చేస్తాది కదా, అట్లనే గ్యాసు కారిపోయి ప్రెజర్ తగ్గితే ఇది కంప్రెసర్ను ఆపుతాది. నూనె కూడా గ్యాసుతోనే తిరుగుతాది కాబట్టి గ్యాసు లేకుండా తిరిగితే కంప్రెసర్ పట్టేస్తాది. కండెన్సర్ కు దుమ్ము కమ్మి ప్రెజర్ మితిమీరినా ఆపుతాది. ఓబుళాపురం పక్క ఎర్రదుమ్ము తెలుసు కదా, మనకు ఇది చాలా అవసరం. షాపులో ఆ స్విచ్చి వైర్లు రెండూ కలిపి టేపు చుట్టినారంటే ఏమనాల వాళ్ళను!

ఇంకా ముఖ్యమైనది ఈసీయూ. పాత జీపు ఇంజన్ కు ఈ తలనొప్పి లేదు, పటకా బిగించి కరెంటు ఇస్తే సరిపోయేది. కొత్త ఇంజన్ అట్ల కాదు. కంప్రెసర్ పట్టుకుంటే ఇంజన్ మీద మూడు నాలుగు హార్స్‌పవర్ బరువు పడుతుంది. ఏసీ అడుగుతాండారు అని ఈసీయూకు ముందు తెలియాల. అప్పుడు ఐడిల్ కొంచెం పెంచి, తర్వాత అదే కంప్రెసర్ రిలేను లేపుతాది. పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కితే కొద్దిసేపు కంప్రెసర్ను వదులుతాది, ఇంజన్ వేడెక్కితే ఆపేస్తాది. మాకు నేరుగా ఇచ్చినారు కాబట్టి రైల్వే గేటు దగ్గర నిలబడితే బండి జ్వరమొచ్చినట్టు వణికేది. డీజిల్లో తప్పనుకొని ఫిల్టర్ కూడా మారిస్తి, అనవసరంగా.

ఆ బొలెరోకు కంపెనీ ఏసీ ఉండేది కాబట్టి దాని వైరింగ్ లోనే ఏసీకి కావాల్సిన వైర్లు వాడకుండా చుట్టి ఉండాయి. పెద్దాయన ఆ ఇంజన్ వైరింగ్ బొమ్మ తెప్పించుకొని, మల్టీమీటరుతో ఒక్కొక్కటి కొలిచి కనుక్కున్నాడు. బల్బు టెస్టరు ఈసీయూ వైర్లకు తాకించనీయలేదు, అది ఎక్కువ కరెంటు లాగి లోపల కాల్చేస్తాదంట. కంప్రెసర్ బ్రాకెట్ కు వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ, ఈసీయూ సాకెట్లు పీకినాడు. క్లచ్చి కాయిల్ కు అడ్డంగా ఒక డయోడు వేసినాడు. కాయిల్ ఆగినప్పుడు ఎదురు కొట్టే కరెంటు దానిలోనే తిరిగి అణగిపోతాదంట. పది రూపాయల వస్తువు. అది లేక ఈసీయూ పోయింటే ఇంకో బోరు వేసినంత అయ్యేది నాకు.

రెండు రోజులు పట్టింది. గ్యాసు మళ్ళీ ఎక్కించే ముందు అర్ధగంటకు పైనే వ్యాక్యూమ్ పెట్టి, తూకం వేసి పోసినారు. ఖర్చు మొదటిసారి పెట్టినదానిలో సగం దాకా మళ్ళీ అయింది. షాపు వాళ్ళను అడిగితే "చల్లగాలి వచ్చింది కదా" అన్నారు. నేనూ తగ్గువకు వస్తాదని ఆడికి పోయినోణ్ణే, ఎవరిననేది?

పెద్దాయన దగ్గర టీ తాగుతాంటే లారీల మాట వచ్చింది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే లారీలకు డ్రైవరు క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేసినారు కదా. "ఇన్నేండ్లూ డ్రైవరుకు చెమట పట్టలేదా?" అని నవ్వినాడు. ట్రాక్టరు మీద మన సంగతి ఎవరు అడుగుతారులే అని నేనూ నవ్వితి.

ఇప్పుడు ఐదు వారాలైంది. మధ్యాహ్నం వచ్చేటప్పుడు మాయమ్మ నిద్రపోతాది. నిన్న హీరేహాళ్ దగ్గర లేచి, కొంగు కప్పుకొని "చలేస్తాంది, తగ్గించురా" అనింది. ఆ వేపచెట్టు వచ్చినప్పుడు మాత్రం ఇంకా ముక్కు ఎగబీల్చి వాసన చూస్తాను, అలవాటైపోయింది.

బెల్టు కొంచెం కూతపెడుతోంది. శుక్రవారం మళ్ళీ పోవాల, ఈలోపల బిగించుకోవాల. కండెన్సర్ కూడా నీళ్ళు కొట్టి కడగాల.