పాపభారం దిగే దారి: కరిగిరి నుంచి గుడియాత్తం దాకా

వేలూరు దగ్గరి కరిగిరి కుష్ఠు ఆసుపత్రిలో చెప్పులు కుట్టే గదిలోకి అడుగు పెట్టగానే రబ్బరు, జిగురు కలిసిన వాసన వస్తుంది. బల్లల మీద మెత్తటి రబ్బరు పలకలు, కత్తెరలు, తోలు పట్టీలు ఉన్నాయి. ఒక పక్కన కాగితాల మీద పెన్సిలుతో గీసిన పాదాల కొలతలు. ఏ రెండు పాదాలూ ఒకలా లేవు. ఒకదానికి వేళ్లు లేవు, ఇంకొకటి సగంలోనే ఆగిపోయింది. అక్కడ పనిచేసే పెద్దాయన ఒక చెప్పు తిరగేసి చూపించాడు. "ఇందులో ఒక్క మేకు కూడా ఉండదు సార్. అంతా కుట్టూ జిగురూనే."

మన చెప్పులో మేకు పైకి లేస్తే రెండడుగులు వేయకముందే ఆగిపోతాం. కుష్ఠు వల్ల అరికాలి నరం మొద్దుబారినవాడు అదే మేకు మీద రోజంతా నడుస్తాడు. సాయంత్రం చెప్పు విప్పితే రక్తం కనిపిస్తుంది తప్ప నొప్పి తెలియదు. పుండు పడుతుంది, చీము పడుతుంది, ఎముక దెబ్బతింటుంది. అందుకే మేకు లేని చెప్పు, బరువంతా ఒకేచోట పడకుండా పంచే మెత్తటి రబ్బరు. ఈ రోగంలో కాళ్లు నిలబెట్టుకోవడంలో మందు ఎంత ముఖ్యమో ఈ చెప్పూ అంతే ముఖ్యం.

ఈ సంగతిని ప్రపంచానికి గట్టిగా చెప్పినవాడు డాక్టర్ పాల్ బ్రాండ్. మిషనరీ దంపతులకు 1914లో తమిళదేశపు కొల్లిమలలో పుట్టి, ఇంగ్లండులో చదువుకుని, 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. కుష్ఠు వస్తే వేళ్లు వాటంతటవే కుళ్లి ఊడిపోతాయని అప్పట్లో చాలామంది వైద్యులు కూడా అనుకునేవారు. రోగుల చేతుల్నీ పాదాల్నీ నెలల తరబడి పరిశీలించి బ్రాండ్, ఆయన సహచరులు అసలు కారణం పట్టుకున్నారు. రోగం నరాన్ని చంపుతుంది. నొప్పి తెలియని మనిషి పొయ్యి మీది గిన్నె చేత్తో దించుతాడు, పుండు మీదే నడుస్తాడు. వేళ్లు పోయేది ఎక్కువగా ఆ గాయాల వల్లే. ముడుచుకుపోయిన వేళ్లను తెరిపించడానికి ముంజేతిలో బాగా పనిచేస్తున్న కండరపు స్నాయువును తెచ్చి అతికించే శస్త్రచికిత్సలు వేలూరులో మొదలయ్యాయి. 1955లో కరిగిరిలో షీఫెలిన్ కుష్ఠు పరిశోధన కేంద్రం వెలిసింది. చుట్టూ రాతి గుట్టలు ఉన్న ఎండు నేల అది. ఇక్కడ పనిచేసిన డాక్టర్ ఎర్నెస్ట్ ఫ్రిట్షి పట్టుబట్టి నాటించిన చెట్ల నీడలోనే ఇప్పుడు రోగులు కూర్చుంటున్నారు.

నొప్పి దేవుడిచ్చిన వరమని బ్రాండ్ జీవితాంతం చెప్పాడు. ఆ మాట ఈ గదిలో కూర్చుని ఆలోచిస్తే, నేను వేలూరు వచ్చిన పనికి దారి దొరికినట్టయింది. చేసిన పాపం వెంటాడే మనిషి క్రైస్తవ విశ్వాసంలో ఎలా తేరుకుంటాడో అలాంటి మనుషుల దగ్గరే తెలుసుకోవాలని వచ్చాను. అపరాధ భావం మనసుకు ఉన్న నొప్పి. అది బొత్తిగా లేనివాడు ఇతరుల్ని గాయపరుస్తూ పోతాడు. అయితే నొప్పితో వచ్చినవాణ్ణి డాక్టరు ముందు పరీక్ష చేస్తాడు: గాయం ఉందా, ఎక్కడుంది, మానిందా లేదా అని. పాపభారంతో వచ్చినవాడికి మన సంఘాల్లో ఆ పరీక్ష జరగడం అరుదు. అందరికీ ఒకే ప్రార్థన, ఒకే జవాబు.

ఈ పరీక్ష ఎంత అవసరమో చెట్టు కింద కూర్చున్న ఒక పెద్దావిడ నాకు నేర్పింది. సరిహద్దుకు అవతల చిత్తూరు జిల్లా పల్లె ఆమెది. వేళ్లు వంకర్లు పోయినా మాట స్ఫుటంగా ఉంది. "పెండ్లయినాక మచ్చ కనిపించింది నాయనా. మా అత్త చూసి, పోయిన జన్మలో ఏం పాపం చేస్తివో అనె. పుట్టింటోళ్లు కూడా అదే మాట. నేనూ నమ్మితి. యాడాదులు దాచిపెడితి, ఆసుపత్రికి పోలా. పాపం చేసినదానికి మందెందుకు అనుకుంటి."

ఆమె వేళ్లు ముడుచుకుపోయింది ఆ ఏడాదుల్లోనే. ముందే వచ్చి మందు వాడి ఉంటే ఆ చేతులు మామూలుగా ఉండేవి. చేయని పాపానికి మోసిన నింద ఆమె శరీరాన్ని కూడా దెబ్బతీసింది. ఈ రోగానికి కారణమైన సూక్ష్మక్రిమిని నార్వేలో హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. నూటికి తొంభై మందికి పైగా దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. 1980లలో వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో ఇది పూర్తిగా నయమవుతుంది. అయినా నింద చట్టంలోనూ బతికింది. కుష్ఠు రోగుల్ని వేరుచేసి ఉంచడానికి బ్రిటిష్ వాళ్లు 1898లో తెచ్చిన చట్టం 2016 దాకా రద్దు కాలేదు. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును పార్లమెంటు తీసేసింది 2019లో.

ఈ నింద భయం ఎంత లోతుదో గుడియాత్తం తాలూకా చరిత్ర చెబుతుంది. 1960లలో కరిగిరి వాళ్లు ఆ తాలూకాను ఎంచుకుని కుష్ఠు నియంత్రణ పథకం నడిపారు. పనివాళ్లు ఊరూరా తిరిగి ఒంటి మీద మచ్చలు వెతికారు. రోగి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుందని వాళ్లకు తెలుసు. సిగ్గు, నేరభావం రోగిని ఇంట్లోనే కూర్చోబెడతాయి కదా.

పెద్దావిడ చెప్పిన మిగతా కథ క్లుప్తం. ఆసుపత్రిలో ఎవరో ఆమెకు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చదివి వినిపించారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని అడుగుతారు. యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చి, ఇద్దరిదీ కాదంటాడు. "ఆ పొద్దు ఏడ్చినా" అంది ఆమె. తర్వాత ఆరాధనకు పోతే ఏం జరిగిందో చెప్పేటప్పుడు చేతులు చాచి చూపించింది. "ఊర్లో అంగడోడు చిల్లర నా చేతిలో పెట్టడు, నేల మీద పడేస్తాడు. గుడిలో అయ్యగారు రెండు చేతుల్తో నా చెయ్యి పట్టుకున్యాడు."

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం ఆరాధన క్రమంలో సమాధానం అందించే ఘట్టం ఒకటుంది. ప్రభు భోజనానికి ముందు బల్ల దగ్గర మొదలై, ఒకరి అరచేతుల మధ్య మరొకరి చేయి ఉంచుతూ అది సంఘమంతా సాగుతుంది. మామూలు గుడిలో అది చప్పున అయిపోయే పద్ధతి. ముట్టుకోవద్దని లోకం చెప్పిన చేతికి మాత్రం అది విడుదల పత్రం. ఈమె విషయంలో సువార్త క్షమించడానికి ఏమీ లేదు. నీది కాని భారం నీ తల మీద ఎందుకు అని అడిగి దించింది, అంతే. క్రైస్తవుల్లో కూడా రోగాన్నీ గొడ్రాలితనాన్నీ వైధవ్యాన్నీ పాపానికి ముడిపెట్టే నోళ్లు ఉన్నాయి. తొమ్మిదో అధ్యాయాన్ని వాళ్లు మళ్లీ చదవాలి.

కరిగిరి నుంచి వేలూరు చేరేసరికి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి వీధి కిటకిటలాడుతోంది. చిత్తూరు, కడప, అనంతపురం మాటలు బెంగాలీ మాటలతో కలిసి వినిపిస్తాయి. ఈ ఆసుపత్రి పుట్టుక వెనక ఒక రాత్రి ఉంది. ఆర్కాటు మిషన్ డాక్టరు కూతురు ఐడా స్కడర్ 1890లలో తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల్ని కాపాడమని వేడుకున్నారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన తండ్రి వస్తానంటే, పరాయి మగవాడు చూడకూడదని వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ చావుల్లో ఐడా తప్పు లేదు. అయినా ఆ బాధను ఆమె పక్కకు నెట్టలేదు, దానికింద కుంగిపోనూ లేదు. అమెరికా వెళ్లి 1899లో డాక్టరై తిరిగొచ్చింది. 1900లో ఒక్క మంచంతో మొదలైన వైద్యం 1902కి ఆసుపత్రి అయింది, 1918కి ఆడపిల్లల వైద్య పాఠశాల అయింది.

ఆసుపత్రి ప్రార్థన మందిరం దగ్గర రోగుల బంధువులతో మాట్లాడే ఒక పాస్టరు గారు కాసేపు సమయం ఇచ్చారు. ఇక్కడ ఎక్కువగా వినిపించే ఒప్పుకోలు ఏమిటని అడిగాను. "మా నాయన్ని ముందే తీసుకురావాల్సింది అన్న మాట" అన్నారు. "డబ్బుల్లేక ఆగినవాళ్లు, నాటుమందుకు తిరిగినవాళ్లు, పట్టించుకోనివాళ్లు, అందరూ ఇదే అంటారు. డబ్బుల్లేక ఆగినవాడిది పాపం కాదని చెప్పాలి. పట్టించుకోనివాడికి అలా చెప్తే అబద్ధమవుతుంది. నేను ముందు వింటాను."

మూడో రకం మనుషుల గురించి కూడా ఆయనే చెప్పారు. చేసిన తప్పు ఎప్పుడో ఒప్పుకున్నారు, క్షమాపణ అడిగారు, ఇవ్వాల్సింది ఇచ్చారు. అయినా నిద్ర పట్టదు, తిండి సహించదు, దేవుడు నన్ను వదిలేశాడన్న మాటే నోట్లో ఉంటుంది. మితిమీరిన అపరాధ భావం డిప్రెషన్ లక్షణాల్లో ఒకటని వైద్యశాస్త్రం గుర్తించింది. "అలాంటివాళ్లకు ఇంకా ప్రార్థన చెయ్యి, ఉపవాసం ఉండు అని చెప్పడం పుండు మీద నడిపించడమే. వాళ్లను బాగాయంలోని మానసిక వైద్య కేంద్రానికి పొమ్మంటాను" అన్నారు. అక్కడ రోగిని ఒంటరిగా పెట్టరు. ఇంటివాళ్లు వెంట ఉండి చికిత్సలో పాలుపంచుకుంటారు. మందు వాడటం విశ్వాసం తగ్గడం కాదని ఒక పాస్టరు నోట వినడం నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

గుడియాత్తం దారి ఐడా స్కడర్ తిరిగిన దారే. చెట్ల కింద ఆగుతూ దారి పొడుగునా రోగుల్ని చూసే పద్ధతిని ఆమె ఇటువైపే నడిపింది. లత్తేరి, కె.వి. కుప్పం దాటి వెళ్తే కౌండిన్యా నది ఒడ్డున ఊరు. లుంగీల నేత, అగ్గిపెట్టెలు, బీడీలు ఇక్కడి బతుకుతెరువు. తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. సాయంత్రం ఒక నేతగాని ఇంట్లో తెలుగు ప్రార్థన కూటానికి వెళ్లాను. చాప మీద ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చున్నారు. పాటలు తెలుగువి, మధ్యలో పలకరింపులు అరవం.

అక్కడ సాక్ష్యం చెప్పిన ఆ ఇంటి నేతగానికి నలభై దాటి ఉంటాయి. తాగేవాడినన్నాడు. భార్యను కొట్టానన్నాడు. ఆమె కమ్మలు కుదువ పెట్టానన్నాడు. వీధిలో చీటీ నడిపి, పదిమంది డబ్బు వాడుకుని ఊరు వదిలి పారిపోయానన్నాడు. గొంతు పెంచలేదు, ఏడవలేదు. తన తప్పును లెక్క రాసుకున్నట్టు వరుసగా చెప్పాడు.

కూటం అయ్యాక అతనితో మాట్లాడాను. "తిరిగొచ్చినాక అయ్యగారి దగ్గర మోకాళ్లూని ఒప్పుకున్నా సార్. గుండెలో బండ దిగినట్టయింది. వచ్చే వారమే సాక్ష్యం చెప్తానంటి. అయ్యగారు వద్దన్నారు. ముందు చీటీ డబ్బులు కట్టు, ఆమీద మాట్లాడుదువు అన్నారు. కోపం వచ్చింది. దేవుడు క్షమించినాక నువ్వెవరని అడిగినా."

అయ్యగారు జవాబుగా జక్కయ్య కథ చదివించారట. యేసు తన ఇంటికి వచ్చిన రోజునే ఆ సుంకరి సగం ఆస్తి పేదలకిస్తానని, మోసం చేసి తీసుకున్నదానికి నాలుగింతలు కడతానని ముందుకొచ్చాడు. క్షమాపణను డబ్బుతో కొనుక్కోవాలని కాదు. యేసు ముందే ఇంటికి వచ్చాడు, తర్వాతే జక్కయ్య పెట్టె తెరిచాడు. ఆ వరుస చాలా ముఖ్యం. తీర్చడం అయ్యాకే దేవుడు దగ్గరకు రానిస్తాడంటే ఏ పాపికీ ఆశ ఉండదు. దేవుడు రానిచ్చాక తీర్చనక్కర్లేదంటే మోసపోయినవాడికి న్యాయం ఉండదు.

ఇతను నెలనెలా కూలిలోంచి కొంత తీసి ఒక్కో ఇంటికీ కట్టాడు. ఇంకా కొన్ని ఇళ్లు మిగిలాయి. ఒకరు డబ్బు తీసుకుని ముఖం మీదే తిట్టారు. "ఆ తిట్టు నాది సార్, పడాల్సిందే" అన్నాడు. అలా అనగలిగినవాడు కుంగిపోలేదని అతని ముఖం చూస్తే తెలిసింది.

భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, తలుపు దగ్గరే నిలబడింది. మీరు క్షమించారా అమ్మా అని అడిగాను. "దేవుడు ఒక్క పొద్దులో క్షమించినాడంట. నాకు శానా కాలం పట్టింది. తొందర చేయొద్దని అయ్యగారు ఈయనకు చెప్పినారు" అంది. మన గుడుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు క్షమించు తల్లీ అని ముందు చెప్తాం, కొట్టినవాడికి ఏం చెప్పారో తర్వాత అడుగుతాం. గుడియాత్తంలోని ఆ అయ్యగారు వరుస సరిచేశారు.

యేసు శిష్యులు యూదా, పేతురు ఇద్దరూ ఒకే రాత్రి తమ గురువుకు ద్రోహం చేశారు, ఇద్దరూ బాధపడ్డారు. యూదా ఆ బాధతో ఒంటరిగా వెళ్లి ఉరిపోసుకున్నాడు. పేతురు ఏడ్చి కూడా తోటివాళ్లను విడవలేదు. చివరికి సముద్రం ఒడ్డున గురువు అతనికి భోజనం పెట్టి, మందను కాసే పని అప్పగించాడు. పాపభారం దిగేది అలాంటి చోటే అని ఇక్కడ నాకు గట్టిగా అనిపించింది. వినేవాళ్లు ఉండాలి, తినడానికి ఒక పంక్తి ఉండాలి, చేయడానికి ఒక పని ఉండాలి.

మన తెలుగు సంఘాల్లో ఉజ్జీవ సభల రాత్రి కన్నీళ్లతో ముందుకు వచ్చేవాళ్లు ఎందరో. వాళ్లను పాట పాడి ఇంటికి పంపేస్తే సరిపోదు. మర్నాడు ఒకరు వాళ్ల పక్కన కూర్చుని, వేలూరు పాస్టరు గారిలా ముందు వినాలి. చేయని పాపాన్ని మోస్తున్నవాళ్లకు అది మీది కాదని చెప్పి చేయి పట్టుకోవాలి. మనసు జబ్బుపడ్డవాళ్లను వైద్యుడి దగ్గరకు తోడుగా తీసుకువెళ్లాలి. నిజంగా పాపం చేసినవాడికి దేవుడు క్షమించాడని సందేహం లేకుండా చెప్పాలి, ఆ వెంటనే ఎవరికి ఏం బాకీ ఉన్నాడో అడిగి రాయించాలి. బాకీ తీర్చడానికి వెళ్లే మొదటి ఇంటి గడప దాకా ఒక పెద్ద అతనితో కలిసి నడవాలి. అలా నడిచే సంఘం ఉన్నచోట గతం మనిషిని పట్టి ఉంచలేదని గుడియాత్తం నేతగాణ్ణి చూశాక నేను నమ్ముతున్నాను.