మాట మింగే దుబాసీ

మెయిల్ పంపబోతాం. ‘ఏదో పొరపాటు జరిగింది’ అంటూ తెర మీద ఓ ముక్క ప్రత్యక్షమవుతుంది. ఏం పొరపాటు? ఎవరిది? అడిగితే చెప్పే నాథుడుండడు.

అవతల సర్వర్ మూగదనుకునేరు, కాదండీ! 1982లో జాన్ పోస్టెల్ మెయిల్ పంపే పద్ధతికి ఎస్ఎంటీపీ అనే నియమాలు రాసినప్పుడే ప్రతి జవాబుకీ మూడంకెల సంఖ్య ఉంది. మొదటి అంకె 2 అయితే పనైనట్టు. 4 అయితే ఇప్పుడు కాదు, కాసేపాగి రమ్మని. 5 అయితే ఇలాగే ఎన్నిసార్లొచ్చినా లాభం లేదని. ఆ పక్కనే కారణం మామూలు మాటల్లో ఉంటుంది. 550 అంటే ఆ చిరునామాకి మెయిల్ తీసుకోలేనని, చాలాసార్లు అసలు ఆ పేరే లేదని. 552 అంటే ఇచ్చిన చోటు మించిపోయిందని, తరచూ అవతలివాళ్ల పెట్టె నిండిందని. ఇంత వివరంగా చెప్పిన మాటని మన మెయిల్ యాప్ అనే దుబాసీ మధ్యలోనే మింగేసి, మనకి మాత్రం ‘ఏదో అయింది’ అంటాడు.

పాస్‌వర్డ్ సంగతి మరీ అన్యాయం. సర్వర్ 535 అంటే వివరాలు తప్పని అర్థం. 454 అంటే తప్పు మీది కాదు, సరిచూసే పని ప్రస్తుతానికి నా దగ్గరే ఆగిందని. కొన్ని యాప్‌లకి రెండూ ఒకటే! మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతాయి. పాపం, మనం సరైనదాన్నే అనుమానించి మార్చేసుకుంటాం.

నన్నడిగితే యాప్‌కి పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు. 4 వస్తే ఉత్తరాన్ని అవుట్‌బాక్స్‌లో భద్రంగా ఉంచి, కాస్త ఎడమిచ్చి తనే మళ్లీ ప్రయత్నించాలి. 5 వస్తే వెంటనే చెప్పాలి. రెండింటిలోనూ సర్వర్ అన్న మాటని ఉన్నదున్నట్టు చూపించాలి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు: వచ్చిన మెయిల్ చదువుకునే పద్ధతికి ఉన్న ఐమ్యాప్ నియమాల్లో, ‘అలర్ట్’ గుర్తుతో సర్వర్ పంపిన మాటని వాడేవాళ్ల కంటపడేలా చూపించాలనే ఉంది.

అంకెలు చూస్తే జనం బెదిరిపోతారంటారా? డాలస్‌లో ఉన్న అబ్బాయికి తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసి, “అత్తయ్యకి మెయిల్ పోవట్లేదురా” అంటుంది. “ఏమని వచ్చిందమ్మా?” అంటే, “ఏదో ఎర్రగా వచ్చిందిరా” అంటుంది. ఎరుపుతో వాడేం చేసుకుంటాడు? అదే “552 అని ఉంది” అంటే, “నీ తప్పేం లేదమ్మా, అత్తయ్య పెట్టె నిండిపోయినట్టుంది, ఖాళీ చేసుకోమను” అని క్షణంలో తేల్చేస్తాడు.