డేరాలో వేలు పెట్టరాదు

ఏటా వేసవిలో మా ఇంట్లో ఒక తగాదా వస్తుంది. మిద్దెమీది ఎండ ఎవరిదన్నదే ఆ తగాదా. వడియాలదని మా ఆవిడ అంటుంది, డేరాదని నేనంటాను. “వడియాలయితే ఏడాది పొడుగునా పదిమందీ తింటారు. ఆ గుడ్డను ఎవరు తింటారండీ?” అని ఆవిడ వాదం. “చెదలు తింటాయి. అందుకే ఎండబెట్టాలంటున్నాను” అని నా జవాబు. చివరికి పొద్దుటి ఎండ వడియాలకూ, మధ్యాహ్నపుటెండ డేరాకూ అని రాజీ పడతాం.

ఆ డేరాను 1958లో మా నాయన మద్రాసు మూరు మార్కెట్టులో కొన్నాడు. 1985లో కాలిపోయిందే, ఆ మార్కెట్టే. పట్టాళం వాళ్లు వాడి వదిలేసిన సరుకు. దళసరి కాన్వాసు, ఒంటిపొర. రెండు గుంజలు, ఒక అడ్డకర్ర, నాలుగు కనాతులు, ఇరవైనాలుగు కొయ్య మేకులు, వాటిని దిగగొట్టడానికొక కొయ్య సుత్తి. అంతా మూటగడితే ఇద్దరు మనుషులు మోయాలి.

మా నాయన నంద్యాలలో ప్లీడరు. ఆయనకు వ్యసనాలు రెండే. పనిదినాల్లో కోర్టు, సెలవుల్లో నల్లమల. ఒంటిగొట్టం తుపాకీ, దానికి లైసెన్సు, అడవిశాఖ వారి పర్మిట్టు అన్నీ సక్రమంగా ఉండేవి. ఆ రోజుల్లో వేట నేరం కాదు, పెద్దమనిషి తరహా.

డేరా కొనడం ఒక ఎత్తు, దానితో కాపరం చెయ్యడం ఒక ఎత్తు. తెచ్చిన మర్నాడే మా నాయన దాన్ని పెరట్లో నిలబెట్టి, మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా, బావిలో నీళ్లు తోడించి దానిమీద పోయించాడు. పిచ్చి కాదు. కాన్వాసు నూలుగుడ్డ. తడిస్తే పోగులు ఉబ్బుతాయి. ఉబ్బి, మధ్యనున్న సందుల్ని మూసేస్తాయి. ఏళ్లతరబడి ఎండిపోయి ఉన్న గుడ్డ మొదటి వానకు కారుతుంది. ఒకసారి బాగా నానితే తరువాత ఆగుతుంది. ఆ మొదటి వానను అడవిలో కంటే ఇంట్లోనే కురిపించుకోవడం మేలని ఆయన లెక్క.

ఇక తాళ్లు. అవి తడిస్తే కుంచించుకుపోతాయి. సాయంత్రం బిగించి కట్టి హాయిగా పడుకుంటే, అర్ధరాత్రి వానకో మంచుకో ఆ తాళ్లే మేకుల్ని పెరికేస్తాయి. అంచేత పడుకోబోయే ముందు ఒకసారి చుట్టూ తిరిగి అన్నిటినీ కాస్త సడలించాలి. “సంసారానికీ ఇదే సూత్రం” అనేవాడు మా నాయన. మా అమ్మ వినబడనట్టు ఊరుకునేది.

వాగు పక్కన ఇసుకలో డేరా వెయ్యరాదు. ఎండుకొమ్మలున్న చెట్టు కింద వెయ్యరాదు. చుట్టూ జానెడు లోతున కాలవ తియ్యాలి. తడిడేరాను మడిచి వచ్చినా, ఇంటికి రాగానే విప్పి ఆరెయ్యాలి. అశ్రద్ధ చేస్తే బూజుపట్టి, నల్లమచ్చలు పడి, గుడ్డ చివికిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. వాన కురుస్తున్నప్పుడు లోపలినుంచి గుడ్డను తాకరాదు. పైన నీరు పొరలా నిలిచి జారిపోతూ ఉంటుంది. మనం వేలు ఆనించామా, ఆ నీటికి దారి చూపినట్టే. అక్కడినుంచి చుక్క చుక్కగా కారడం మొదలుపెడుతుంది.

ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

1961లో నాకు పదేళ్లు. దీపావళి సెలవుల్లో నాయన మొదటిసారి నన్ను వెంట తీసుకెళ్లాడు. ఆయన స్నేహితులు ఇద్దరు, నేను, రైలు బ్రేకువానులో డేరా. చలమ స్టేషనులో దిగి, బండి కట్టించుకుని అడవిలోకి పోయాం. అక్కడి చెంచుగూడెం నుంచి ఒక పెద్దాయన ఎప్పుడూ నాయనకు తోడు వచ్చేవాడు. ఆయన లేందే నాయన అడుగు వేసేవాడు కాదు.

ఆ రాత్రి వాన పట్టుకుంది. కాన్వాసు మీద వాన చప్పుడు విన్నారా ఎప్పుడైనా? పెంకుల మీద చప్పుడు వేరు, రేకుల మీద వేరు. ఇది ఎవరో మన తలమీదే మెత్తగా తట్టుతున్నట్టుంటుంది. హరికేన్ లాంతరు వెలుగులో పైగుడ్డ మిలమిలలాడుతోంది. తాకవద్దని నాయన చెప్పాడు. చెప్పబట్టే తాకబుద్ధయింది. అందరూ నిద్రపోయాక హోల్డాలు మీద నిలబడి, చూపుడు వేలు ఆనించాను.

ఒక చుక్క పడింది. మరొకటి. అది సరిగ్గా తూటాల పెట్టె మీద పడుతోందని నాకు తెలియదు. ఆ రోజుల్లో అట్ట తూటాలు. తడి తగిలితే ఉబ్బిపోతాయి. చెంచు పెద్దాయనే మొదట లేచాడు. నన్నొక మాట అనలేదు. చుక్క పడుతున్న చోట వేలు పెట్టి, గుడ్డను ఒత్తుతూ కిందిదాకా, కనాతు దాకా గీత గీశాడు. నీరు బుద్ధిమంతుడిలా ఆ గీత వెంబడే జారి, అంచున దిగిపోయింది. కాని పెట్టె అప్పటికే తడిసింది.

తెల్లవారుజామున నాయన, పెద్దాయన, నేను వాగు దగ్గర పొదచాటున కూర్చున్నాం. స్నేహితులింకా లేవలేదు. వాన వెలిసింది. మంచుతెరలోంచి ఒక దుప్పి వచ్చింది. పెద్ద కొమ్ములు. నలభై గజాల దూరం కూడా లేదు. నాయన తుపాకీ విరిచి తూటా పెట్టబోయాడు. దూరలేదు. మరొకటి తీశాడు. అదీ దూరలేదు. దుప్పి తల వంచి నీళ్లు తాగింది. తల ఎత్తి మావైపు చూసింది. మళ్లీ తాగింది. తాపీగా వెళ్లిపోయింది. పెద్దాయన ఒకసారి నాయన కోటువంక చూసి, తల తిప్పుకున్నాడు.

ఉత్తచేతులతో ఊరికి వచ్చాం. “మావాడు వేలు పెట్టాడు” అని నాయన స్నేహితులతో చెప్పాడు. ఆ మాట కోర్టుకు పాకింది, అక్కడినుంచి బడికి పాకింది. నేను ఏ పనిలో కలగజేసుకున్నా “వీడు వేలు పెడితే అంతే” అనేవారు. పెళ్లినాడు కూడా మా పెదనాన్న ఒకాయన ఆ కథ వియ్యాలవారికి చెప్పి నవ్వించాడు.

ఆ తరువాత కూడా నాయన అడవికి వెళ్లేవాడు. డేరా వెళ్లేది, తుపాకీ వెళ్లేది. మాంసం మాత్రం రాలేదు. షికారు అంటే పారసీలో వేట. మన తెలుగులో చల్లగాలికి తిరిగి రావడం. ఆయన విషయంలోనూ ఆ మాట అలాగే అర్థం మార్చుకుంది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చినప్పుడు స్నేహితులు గొణుక్కున్నారు. నాయన తుపాకీని ఠాణాలో అప్పగించి వచ్చి, డేరా ఎండబెట్టుకున్నాడు.

1988లో ఆయన పోయాడు. కర్మలన్నీ అయ్యాక ఒక సాయంత్రం మా అమ్మ ఉన్నట్టుండి అంది: “ఆనాడు మీరు అడవినుంచి వచ్చినప్పుడు, తడిపేందుకు కోటు తీసుకుంటే జేబులో రెండు తూటాలున్నాయిరా. పొడిగానే ఉన్నాయి. ఇదేమిటని అడిగితే, అబ్బాయికి చెప్పకు అన్నారు.”

ఇరవై ఏడేళ్లు ఆ అపవాదు మోశాను! మొదట కోపమే వచ్చింది. తరువాత ఆలోచించాను. ఆ దుప్పిని కొట్టడానికి చేతులు రాలేదని చెబితే ఆయన స్నేహితులు నవ్విపోయేవారు. తూటాలు తడిశాయంటే మర్యాదగా ఉంటుంది. పదేళ్ల పిల్లవాడి వేలు చాటున ఒక ప్లీడరు దాక్కున్నాడు. క్షమించానా అంటే, నేటికీ పూర్తిగా లేదనే చెప్పాలి. కాని ఆ డేరాను పారెయ్యమంటే నావల్ల కాదు.

మా అబ్బాయి హైదరాబాదునుంచి సంచిలో పట్టే నైలాన్ డేరా తెచ్చాడు. “దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్యరాదూ నాన్నా?” అన్నాడు. నల్లమలలో చాలా భాగం 1983లోనే పులుల అభయారణ్యం కిందికి వెళ్లింది. మన ఇష్టం వచ్చిన చోట డేరా వేస్తామంటే కుదరదు. నిజమే. అంచేత కిందటేడు దసరాకు మనవడి కోసం పెరట్లోనే వేశాను.

రాత్రి వాన వచ్చింది. లాంతరు బదులు టార్చిలైటు. “తాకితే ఏమవుతుంది తాతా?” అంటూనే వాడు వేలు ఆనించాడు. నా దిండు మీద చుక్క పడింది. వాడి వేలు పట్టుకుని కనాతు దాకా గీత గీయించాను. నీరు గీతవెంట జారిపోతుంటే వాడు నోరు తెరుచుకుని చూశాడు. అప్పుడు తూటాల కథ చెప్పాను, ఊరివాళ్లు చెప్పుకున్నట్టే.

వాడు కాసేపు ఆలోచించాడు. “పొడి తూటా ఒక్కటీ లేదా తాతా?” అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నాకెందుకు తోచలేదో!

“ఉన్నాయిరా, రెండు” అన్నాను.

“మరి?”

“ఉండు, తాళ్లు సడలించి వస్తాను” అని లేచాను.