కొట్టివేసిన రెండవ సమాధానము

గోదావరిఖనిలో పెరిగిన బాలునకు వాలుతలమనగా నేమో పాఠ్యపుస్తకము చెప్పకమునుపే తెలియును. బొగ్గుకొరకు భూమిలోనికి ఏటవాలుగా దిగు దారిని మావారు ఇంక్లైను అందురు. ఆ దారిలో పట్టాలపై నడచు బొగ్గు టబ్బులను ఉక్కుతాడుతో పైకి లాగు ఏర్పాటు హాలేజి. మా నాయన చిరకాలము హాలేజి దారిలో పనిచేసెను. ఆయన బడికి పోయినది స్వల్పమే. అయినను నేడు నేను తరగతిలో చలనమును గూర్చి బోధించునపుడెల్ల ఆయన అడిగిన ప్రశ్నయే నా చెవిలో మ్రోగుచుండును.

నేను ఉన్నత పాఠశాలలో చదువుచుండగా మా ఉపాధ్యాయులు ఒక లెక్క నిచ్చిరి. పది మీటర్లకు ఒక మీటరు ఎత్తు పెరుగు వాలుపై ఒక టబ్బు సెకనుకు 3 మీటర్ల వేగముతో పైకి పోవుచుండగా దాని కొక్కెము ఊడెను. ఊడిన చోటునకు 4 మీటర్ల పైన అది ఎప్పుడుండును?

భూమ్యాకర్షణము వలన అట్టి వాలుపై వేగము సెకనుకు సుమారు 1 మీటరు చొప్పున తగ్గును. ఘర్షణను లెక్కింపక, స్థానమును 'స' అనియు, కొక్కెము ఊడిన పిమ్మట గడచిన కాలమును 'క' అనియు పిలిచినచో

స = 3క − ½క²

అగును. 'స' స్థానమున 4 ఉంచి సవరింపగా క² − 6క + 8 = 0 అను వర్గసమీకరణము వచ్చును. దాని మూలములు 2, 4. ఒక ప్రశ్నకు ఒకే సమాధానముండవలెనని తలచి నేను 2 సెకనులని వ్రాసి, 4ను అడ్డగీతతో కొట్టివేసితిని.

రాత్రి మా నాయన నా ప్రక్కన కూర్చుండి పుస్తకములోనికి చూచి, "ఆ నాలుగెందుకు కొట్టేసినవు, బిడ్డా?" అని అడిగెను.

"అది అక్కరలేదు బాపూ. మొదటిదే జవాబు" అంటిని.

ఆయన లెక్కయేమో చెప్పించుకొని వినెను. కొంతసేపు మౌనముగానుండి, "పైకి పోయిన టబ్బు మళ్లీ కిందికి రాదా? నువ్వు కొట్టేసినదే మనిషిని చంపేది" అనెను.

అటుపిమ్మట ఆయన తాను కన్నులార చూచినది చెప్పెను. ఒకనాడు ఒకానొక గనిలో టబ్బుల వరుస పైకి పోవుచుండగా చివరి టబ్బు విడిపోయెను. అది మరికొంత పైకి పోయి నిలిచినట్లుండెను. ప్రక్కగోడలో తలదాచుకొనుటకై తొలిచిన గూటిలో నిలిచియున్న యొక యువకుడు, 'ఆగినదిగదా' అని పట్టాలపైకి అడుగుపెట్టెను. మా నాయన అతని చొక్కా పట్టి వెనుకకు లాగెను. మరుక్షణమున టబ్బు వారి ముందునుండి క్రిందికి దూసికొనిపోయెను.

ఆ రాత్రి నేను లెక్కను మరల చేసితిని. 2 సెకనులకు టబ్బు 4 మీటర్ల గురుతును దాటి పైకి పోవును. 3 సెకనులకు నాలుగున్నర మీటర్ల యొద్ద దాని వేగము సున్న యగును. 4 సెకనులకు అదే గురుతును క్రిందికి దాటును. వేగము సున్నయైన క్షణమునను త్వరణము సున్న కాలేదు. ఆకర్షణము లాగుచునే యున్నది. ఆ యువకుడు ఆ క్షణమును విశ్రాంతి యనుకొనెను. ఎవ్వరును ఆపనిచో 20 సెకనులకు అదే టబ్బు 140 మీటర్ల దిగువన, గంటకు 61 కిలోమీటర్ల వేగముతో నుండును. నిజముగా ఘర్షణ కొంత తగ్గించును గాని ప్రమాదమును తొలగింపదు. అందుచేతనే పైకి పోవు వరుసలో చివరి టబ్బునకు వెనుక ఒక ఇనుప కమ్మీని తగిలింతురు. టబ్బు వెనుకకు జారినచో అది నేలలో గ్రుచ్చుకొని అడ్డుపడును. ఆ కమ్మీ రెండవ మూలమును ఎరిగినవాడు చేసిన పరికరము.

అట్లని ప్రతి మూలమును అంగీకరింపవలసినదేనా? కాదు. ఊడిన చోటునకు 8 మీటర్ల దిగువన టబ్బు ఎప్పుడుండునని అడిగినచో మూలములు 8, −2 అని వచ్చును. కొక్కెము ఊడుటకు 2 సెకనుల ముందు టబ్బు తాటి అధీనమున నుండెను. ఈ సమీకరణము అప్పటికి వర్తింపదు. కనుక −2ను విడువవలెను. 5 మీటర్ల పైన ఎప్పుడుండునని అడిగినచో విచక్షణి −4 అగును; అనగా టబ్బు అంత ఎత్తునకు పోనే పోదు.

భాస్కరాచార్యుడు 12వ శతాబ్దమున బీజగణితములో ఇట్టి వివేకమునే చూపెను. కోతులమందలో అయిదవ వంతునుండి మూడు తీసివేసి వర్గము చేయగా వచ్చినన్ని గుహలోనికి పోయినవి. ఒకటి కొమ్మపై కనబడినది. మంద యెంత? 50, 5 అను రెండును సమీకరణమునకు సరిపోవును. కాని 5లో అయిదవ వంతు 1. అందుండి 3 తీసివేయుట పొసగదు. అందుచే ఆయన 5ను విడిచెను. ఊరక విడువలేదు, కారణము చెప్పి విడిచెను. ఇటలీ దేశమున గెలీలియో ఏటవాలు పలకపై కంచుగుండును దొర్లించి, పోయిన దూరము కాలవర్గమును అనుసరించునని 1638లో ప్రకటించెను. మా ఇంక్లైనులోని టబ్బు ఆ గుండునకు దాయాదియే.

ప్రియ విద్యార్థులారా, నేడు అనేక గనులలో టబ్బులకు బదులు బెల్టులు బొగ్గును మోయుచున్నవి. మా నాయన ఇప్పుడు లేడు. అయినను మీ పుస్తకములను దిద్దునపుడు, కారణము వ్రాయక కొట్టివేసిన మూలము కనబడినచో నేను దాని చుట్టును ఎఱ్ఱసిరాతో సున్న చుట్టుదును. మార్కులు తగ్గించుటకు కాదు. ఆ రాత్రి మా నాయన నన్నడిగిన ప్రశ్నను మిమ్మును అడుగుటకు మాత్రమే.