గుణదల కొండ నుంచి రేడియో గాజుగది దాకా

విజయవాడ అనగానే మీకేం గుర్తొస్తుంది? కొండమీద కనకదుర్గమ్మ, ప్రకాశం బ్యారేజీ, బీసెంట్ రోడ్డులో చీరల బేరాలు... అంతేకదూ! ఏలూరు వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లకైతే ఊరు రాకముందే మా గుణదల స్టేషను వస్తుంది. మేరీమాత కొండ ఇక్కడిదే. 1924లో ఫాదర్ ఆర్లాటి ఇక్కడ మాత విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే ఉత్సవాలకి ఏ మతంవాళ్లని లేకుండా జనం వస్తారు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. ఆ మూడు రోజులూ మా వీధుల్లో నడవడానికి చోటుండదంటే నమ్మండి.

కొండ సంగతి మీకు చాలామంది చెప్పే ఉంటారు. ఈ వారం మిమ్మల్ని ఇంకో చోటికి తీసుకెళ్తాను. గుణదల నుంచి ఆటో ఎక్కి, ఏలూరు రోడ్డు దాటి బందరు రోడ్డు మీదికొస్తే పున్నమ్మతోట. అక్కడే ఆకాశవాణి విజయవాడ కేంద్రం.

పొద్దున్నే పలకరించిన గొంతులు

ఈ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి భక్తిరంజని, ఓలేటి వెంకటేశ్వర్లుగారి సంగీత శిక్షణ, శ్రీరంగం గోపాలరత్నంగారి పాట, ఉషశ్రీగారి రామాయణ భారతాలు... ఇవన్నీ ఇక్కడి నుంచి మన వంటిళ్లలోకి వచ్చినవే. కాఫీ డికాషన్ దిగేలోగా భక్తిరంజని, పిల్లలకి జడలు వేసేసరికి వార్తలు. గోడగడియారం లేని ఇళ్లలో కూడా రేడియోని బట్టి బడికి టైమయ్యిందని తెలిసేది. మీ ఇంట్లోనూ అంతేనా?

పాడినవాళ్ల పేర్లు మనకి తెలుసు. చదివినవాళ్ల పేర్లూ తెలుసు. కానీ ఆ పాటని, ఆ మాటని మనదాకా పంపినవాళ్లెవరు? మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. రేడియోలో టెక్నికల్ డ్యూటీ చేసి రిటైరయ్యారు. "అన్నేళ్లు రేడియోలో పనిచేశానమ్మాయ్, నా పేరు రేడియోలో ఒక్కసారీ వినపడలేదు" అంటూ నవ్వుతారావిడ. "మా చుట్టాలైతే, బటన్లు తిప్పడం కూడా ఒక ఉద్యోగమేనా అనేవాళ్లు."

బటన్లు తిప్పడమంటే ఇదీ!

స్టూడియోకి ఒక తలుపు చాలదు. రెండు తలుపులు, మధ్యలో చిన్న ఖాళీ. బయటి శబ్దం లోపలికి రాకుండా ఆ ఏర్పాటు. గోడలకి చిల్లుల పలకలు. మన హాల్లో మాట్లాడితే గొంతు మోగుతుంది చూడండి, అక్కడ మోగదు. ఎర్రలైటు వెలిగిందంటే తుమ్మొచ్చినా ఆపుకోవాల్సిందే! గాజు అద్దానికి ఇవతల కంట్రోల్ రూము. అక్కడ వరసగా పైకీ కిందికీ జరిపే మీటలున్న బల్లని కన్సోల్ అంటారు. ఒక మీట అనౌన్సర్ మైకుది, ఒకటి పాటది, ఒకటి ఢిల్లీ వార్తలది. ఒకదాన్ని తగ్గిస్తూ ఇంకోదాన్ని పెంచాలి. ఎదురుగా మీటర్లో ముల్లు ఆడుతుంటుంది. అది ఎర్రగీతలోకి పోతే మన ఇంట్లో గొంతు చిరిగినట్టు వినిపిస్తుంది. మరీ పడిపోతే మనం విసుక్కుంటూ రేడియో చెవి మెలిపెడతాం. పొయ్యిమీద పాలు పెట్టి మంట పెంచడం, తగ్గించడం మనకి చేతనైనదే కదా? అలాంటి పనే. కాకపోతే అక్కడ పాలు పొంగితే జిల్లాలన్నీ వింటాయి.

టేపుల రోజుల్లో ఇంకో పని ఉండేది. స్టూడియో టేపు సెకనుకి ఏడున్నర అంగుళాలు తిరిగేది. అంటే ఒక్క సెకను మాట దాదాపు జానెడు పొడవన్నమాట! అరగంట నాటకానికి పదకొండు వందల అడుగుల పైమాటే. మధ్యలో ఎవరో దగ్గితే ఆ దగ్గు ఎక్కడుందో చేత్తో టేపుని ముందుకీ వెనక్కీ తిప్పి పట్టుకోవాలి. బ్లేడుతో ఏటవాలుగా కోసి, ఆ ముక్క తీసేసి, రెండు కొసల్నీ అంటించాలి. అతుకు తెలియకూడదు. పిన్నిగారు చీరకి ఫాల్ కుట్టినా కుట్టు కనపడదు. ఆ చెయ్యి ఎక్కడ తిరిగిందో ఇప్పుడు నాకర్థమైంది.

ఆ పనిలో అన్నిటికన్నా భయం దేనికో తెలుసా? తప్పు మాటకి కాదు, నిశ్శబ్దానికి. పాట ఆగి నాలుగు సెకన్లు ఏమీ వినపడకపోతే వింటున్నవాళ్లు స్టేషను పోయిందనుకుంటారు.

తుపాను రాత్రి

1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసిన సంగతి కృష్ణాజిల్లాలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఆ తుపానులో సుమారు పదివేల మంది పోయారు. మళ్లీ 1990 మే 9న బందరుకి దగ్గర్లోనే పెద్ద తుపాను తీరం దాటింది. అప్పటికి ముందస్తు హెచ్చరికలు మెరుగయ్యాయి. వేలాదిమందిని ముందే ఎత్తు ప్రాంతాలకి తరలించారు. ఈసారి పోయినవాళ్లు వెయ్యికి లోపే. అదీ తక్కువ కాదనుకోండి. కానీ కరెంటు స్తంభాలు కూలినచోట ఆ హెచ్చరికలు వినిపించేది బ్యాటరీలతో నడిచే ట్రాన్సిస్టరే.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లలో పిన్నిగారొకరు. ఇంట్లో మూడేళ్ల బాబుకి జ్వరం. అత్తగారికి అప్పగించి వెళ్లారు. ఫోన్లేదు, ఇంటికొచ్చే దారీ లేదు. బులెటిన్ రావడం, అనౌన్సర్ చదవడం, మళ్లీ పాట, మళ్లీ హెచ్చరిక. "బాబు ఎలా ఉన్నాడో అని లోపల పీకుతూనే ఉంది. చెయ్యి మాత్రం మీటమీదే ఉంది" అన్నారావిడ. తెల్లారాక ఇంటికొస్తే గుమ్మంలో అత్తగారు, చంకలో బాబు. జ్వరం తగ్గింది. అత్తగారు రాత్రంతా ట్రాన్సిస్టరు కట్టలేదట. "రేడియో పలుకుతున్నంతసేపూ నువ్వు బాగానే ఉన్నావనుకున్నానే" అందట ఆ పెద్దావిడ. ఆ తర్వాత ఆ ఇంట్లో బటన్లు తిప్పే ఉద్యోగమని ఎవరూ అన్లేదు.

మన ఆడవాళ్లే నడిపే రేడియో

ఈ పనికి పెద్ద చదువులుండాలనుకుంటున్నారా? జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. మనదేశంలో స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో ప్రసారం మొదలుపెట్టిన తొలి సామాజిక రేడియో అదే. జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు రికార్డింగూ, కన్సోలూ, ప్రసారమూ అన్నీ నేర్చుకుని నడిపించారు. విత్తనాల సంగతులు, వంటలు, పండగపాటలు, అన్నీ వాళ్ల యాసలోనే.

మీరు వస్తే...

ఇప్పుడు బ్లేళ్లూ టేపులూ పోయి కంప్యూటర్లొచ్చాయి. దగ్గు తీసేయడానికి మౌస్ చాలు. కానీ ఏది ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో చెవికే తెలియాలి. విజయవాడ వచ్చినప్పుడు పొద్దున చల్లగా ఉండగానే గుణదల కొండెక్కండి. తాగడానికి నీళ్లు పట్టుకోండి. పెద్దవాళ్లుంటే మెట్లు నిదానంగా ఎక్కించండి. రేడియో స్టేషను చూడాలంటే మాత్రం ముందుగా అనుమతి తీసుకోవాలి. బడిపిల్లలతో వెళ్లేటట్టయితే బడి నుంచి ఉత్తరం రాయించుకుని అడగండి. రాలేనివాళ్లు ఫోన్లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టుకుంటే అమెరికాలో ఉన్న అమ్మాయి కూడా ఆకాశవాణి వినొచ్చు.

ఇంట్లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్న ఆడపిల్ల ఉంటే, ఇలాంటి పనులు కూడా ఉన్నాయని ఒక్కసారి చెప్పండి. రేపు పొద్దున మీరు పోపు పెడుతుండగా రేడియోలో పాట సాఫీగా ఆగి మాట మొదలైతే, అక్కడ ఎవరో మీట సరిగ్గా జరిపారన్నమాట. ఆ మనిషిని కూడా ఒక్క క్షణం తలుచుకోండి.