వాడ యాంప్లిఫయర్

1995లో ఏప్రిల్ 14 సభకు ఊళ్లో మైకుసెట్టు అద్దెకివ్వనన్నారు. ఆ రోషంతో కూలి డబ్బులు పోగేసి మా మాదిగవాడ కొనుక్కున్న యాంప్లిఫయర్ ఇది. ఇప్పుడు గుయ్యిమంటోంది.

"తూకానికేసేద్దాం అన్నా, డీజే అద్దెకు తెచ్చుకుందాం" అంటున్నారు తమ్ముళ్లు.

మెకానిక్ మూత విప్పాడు. ట్రాన్స్‌ఫార్మర్ రాగిచుట్ట గట్టిగానే ఉంది. వయసుకు ఫిల్టర్ కెపాసిటర్లు లోపల ఎండిపోయాయి. ఏసీ కరెంటు డీసీగా మారాక మిగిలే అలను వడగట్టాల్సింది అవే. అవి పనిచెయ్యకపోతే ఆ అలే 100 హెర్ట్జ్ మోతై స్పీకర్లోకొస్తుంది. వాటిని మారిస్తే చాలన్నాడు.

మార్పించమన్నాను. పాత సామాను మీద మమకారంతో కాదు. అద్దెకిచ్చేవాడు ఇవ్వనన్న రోజు మనకు తెలుసు కదా! ఒక్కటే షరతు: తమ్ముళ్లలో ఒకరు సోల్డరింగ్ నేర్చుకోవాలి. పెట్టె మనదైతే సరిపోదు, బాగుచేసే చెయ్యీ మనదే కావాలి.

జై భీమ్.